మూడు లిపుల ఫైళ్లు, ఒక టెర్మినల్: ఒడిశా సరిహద్దు ఊళ్ల లినక్స్ వాడుకరులకు సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఈ ఊళ్లలో తెలుగువాళ్ల కంప్యూటర్ తెరిస్తే ఒకే ఫోల్డర్‌లో మూడు లిపులు ఉంటాయి. తాతల నాటి దస్తావేజు తెలుగులో, పొలం పట్టా ఒడియాలో, పిల్లల మార్కుల జాబితా ఇంగ్లిష్‌లో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి ఈ కలగలుపు ఇప్పట్లో పోయేది కాదు. ఆ ఫైళ్లను వెతకడానికి, పేర్లు సరిచేయడానికి, చిన్నవి చేయడానికి, పదిలంగా దాచడానికి టెర్మినల్‌ని ఎలా వాడాలో ఇక్కడ చెబుతున్నాం. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వాడేవాళ్లకు ఇది యథాతథంగా పనికొస్తుంది. జిరాక్స్ షాపువాళ్లకూ, ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న విద్యార్థులకూ అవసరాలు ఒక్కటే.

టెర్మినల్ అంటే భయం ఎక్కువగా ఒకే కారణం వల్ల: ఒక్క తప్పు కమాండ్‌తో అంతా పోతుందేమోనని. ఆ భయం అర్థం లేనిది కాదు. కానీ ఫైళ్లను మార్చే కమాండ్‌లలో చాలావాటికి "ఏం చేయబోతున్నావో చూపించు, చేయకు" అనే రూపం ఉంది. ఈ వ్యాసంలో అలాంటిది ఉన్న ప్రతిచోటా ముందు దాన్నే ఇచ్చాం. దాన్ని దాటేసి అసలు కమాండ్‌కి వెళ్లకండి.

కమాండ్‌లను తెలుగు లిపిలో, పలికే తీరులో రాశాం. మీరు టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే; మీ ఫైళ్ల, ఫోల్డర్ల తెలుగు పేర్లు, వెతికే తెలుగు మాటలు మాత్రం తెలుగులోనే. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట చెప్పాం. పలుకును బట్టి స్పెల్లింగ్ తెలియని చోట అక్షరాలు విడిగా ఇచ్చాం. గీతలు, చుక్కలు, స్లాష్‌లు, నక్షత్రాలు, కొటేషన్ గుర్తులు ఉన్నవి ఉన్నట్టే టైప్ చేయాలి.

మొదటి అరగంట

ఉబుంటు, మింట్‌లలో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. అలా తెరుచుకోకపోతే మెనూలో టెర్మినల్ అని వెతకండి. కాపీకి కంట్రోల్-షిఫ్ట్-సీ, పేస్ట్‌కి కంట్రోల్-షిఫ్ట్-వీ. షిఫ్ట్ మరిచిపోయి కంట్రోల్-సీ నొక్కితే నడుస్తున్న కమాండ్ ఆగిపోతుంది. అది దాని అసలు పని, కాబట్టి ఏదైనా ఆపాలనుకున్నప్పుడు అదే నొక్కండి. ఫైల్ సేవ్ చేసే అలవాటులో కంట్రోల్-ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోతుంది. కంప్యూటర్ పాడైందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు చాలామంది. కంట్రోల్-క్యూ నొక్కండి, మళ్లీ కదులుతుంది. పాస్‌వర్డ్ అడిగినప్పుడు టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. అయినా అక్షరాలు లోపలికి వెళ్తున్నట్టే, పూర్తిచేసి ఎంటర్ నొక్కండి.

మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది "కమాండ్ నాట్ ఫౌండ్" అనే జవాబు. అందరూ స్పెల్లింగ్ తప్పనుకుంటారు. ముందు కీబోర్డు ఏ భాషలో ఉందో చూడండి. ఒడియా దరఖాస్తు టైప్ చేసి అలాగే వదిలేస్తే టెర్మినల్‌కి ఒడియా అక్షరాలే వెళ్తాయి. ఉబుంటులో సూపర్ కీ (విండోస్ గుర్తున్నది), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ట్యాబ్ కీ అలవాటు చేసుకోండి. ఫైల్ పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది, పేరులో స్పేస్ ఉంటే దానికి కావలసిన గుర్తు కూడా పెడుతుంది. పాత కమాండ్ మళ్లీ కావాలంటే కంట్రోల్-ఆర్ నొక్కి అందులోని ఏదో ముక్క టైప్ చేస్తే చాలు.

ఫాంట్లు, టైపింగ్

ఒడియా ఫైల్ తెరిస్తే ఖాళీ గళ్లు కనిపిస్తున్నాయంటే ఫాంట్ లేదని అర్థం. ముందు ఏమున్నాయో చూడండి:

`ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ ఫ్యామిలీ`

ఇది తెలుగు చూపించగల ఫాంట్ల పేర్లు ఇస్తుంది. టీఈ స్థానంలో ఓఆర్ అని పెడితే ఒడియావి. జాబితా ఖాళీగా వస్తే:

`సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు ఫాంట్స్-ఒర్య`

సుడో అంటే అడ్మిన్ అనుమతితో నడపమని చెప్పడం; ఏపీటీ అనేది ప్యాకేజీలను, అంటే ప్రోగ్రామ్‌ల మూటలను, దింపి వేస్తుంది. స్పెల్లింగ్: సుడో అంటే ఎస్ యూ డీ ఓ, తెలు అంటే టీ ఈ ఎల్ యూ, ఒర్య అంటే ఓ ఆర్ వై ఏ. ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంట్ అయితే మీ హోమ్‌లో (మీ సొంత ఫోల్డర్) .లోకల్/షేర్/ఫాంట్స్ ఫోల్డర్ చేసి అందులో పెట్టి, `ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్‌వీ` నడపండి. క్యాష్ ఇక్కడ సీ ఏ సీ హెచ్ ఈ. టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగు, ఒడియా రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్ (ఒక కీబోర్డు అమరిక) సహా పలు పద్ధతులు వస్తాయి.

చాలా టెర్మినల్‌లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి, ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. అక్షరాలను సమాన గళ్లలో పేర్చే పద్ధతి వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఫైల్ పాడవలేదు, ఫైల్ మేనేజర్‌లో చూస్తే పేరు చక్కగానే ఉంటుంది. ఆ గజిబిజి చూసి పేరు మార్చడానికి దిగకండి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు

విండోస్ కంప్యూటర్‌లో బాగానే ఉన్న ఫైల్, పెన్‌డ్రైవ్‌లోకి కూడా వచ్చిన ఫైల్, లినక్స్‌లోకి కాపీ చేయబోతే "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంటుంది. పేరు మరీ పొడవుగా ఏమీ ఉండదు. కారణం లెక్కపెట్టే తీరులో ఉంది. పెన్‌డ్రైవ్ 255 కోడ్‌లు (అక్షరాలకూ వాటి గుర్తులకూ కంప్యూటర్ ఇచ్చే సంఖ్యలు) లెక్కపెడుతుంది. లినక్స్ ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 డిస్క్ 255 బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో (లినక్స్ అక్షరాలను దాచుకునే పద్ధతి) ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగుకు, ఒడియాకు ఒక్కో కోడ్‌కి 3 బైట్లు కావాలి. పైగా గుణింతం గుర్తు, పొల్లు కూడా విడి కోడ్‌లే. మీరే చూసుకోండి (నిలువు గీత మొదటి కమాండ్ ఫలితాన్ని రెండోదానికి అందిస్తుంది):

`ప్రింట్ఎఫ్ %ఎస్ పర్లాకిమిడి | డబ్ల్యూసీ -సీ`

జవాబు 33. కంటికి ఐదు అక్షరాలు; కోడ్‌లు 11; బైట్లు 33. ఒక్క "శ్రీ"కే 12 బైట్లు. ఈ లెక్కన తెలుగు పేరుకు గరిష్ఠంగా 85 కోడ్‌లు, అంటే సుమారు 40 అక్షరాలు మాత్రమే పడతాయి. "శ్రీ"తో మొదలుపెట్టి ఇంటిపేరు, ఊరు, పని, తేదీ అన్నీ ఫైల్ పేరులోనే రాసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది తప్పకుండా తగులుతుంది.

మా సలహా ఇది: తేదీ ముందు, చిన్న తెలుగు పేరు తర్వాత. 2025-06-14_రాయగడ_పట్టా.పీడీఎఫ్ లాగా. సంవత్సరం, నెల, రోజు ఈ వరసలో రాస్తే పేరు ప్రకారం పేర్చినా తేదీ ప్రకారమే వస్తాయి. మిగతా వివరాలు ఫోల్డర్ పేరుకు వదిలేయండి. 255 బైట్ల హద్దు ఒక్కో పేరుకు విడిగా ఉంటుంది, మొత్తం దారికి కాదు.

ఒకేసారి చాలా పేర్లు మార్చాలంటే రినేమ్ ప్యాకేజీ వేసుకోండి. పేర్లలోని స్పేస్‌లన్నీ అడ్డగీతలుగా మార్చే కమాండ్:

`రినేమ్ -ఎన్ 'ఎస్/ /_/జీ' *.పీడీఎఫ్`

ఇక్కడ -ఎన్ ఉన్నంతసేపు ఏమీ మారదు, ఏ పేరు ఏమవుతుందో వరసగా చూపిస్తుంది. జాబితా మొత్తం చదివి, సరిపోయిందనుకున్నాకే -ఎన్ తీసేసి మళ్లీ నడపండి. ఒక్క ఫైల్‌ని మార్చడానికి `ఎంవీ -ఎన్ పాతపేరు కొత్తపేరు` చాలు. గమనించండి, ఇక్కడ -ఎన్ అర్థం వేరు: ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే దాన్ని తొక్కేయదు. ఉత్త ఎంవీ అయితే పాత ఫైల్ మీద నిశ్శబ్దంగా రాసేస్తుంది.

వెతకడం

పేరుతో వెతకడానికి ఫైండ్:

`ఫైండ్ ~ -ఐనేమ్ '*పట్టా*' -ఎంటైమ్ -7`

~ గుర్తు అంటే మీ హోమ్ ఫోల్డర్. గత వారం రోజుల్లో మారిన, పేరులో "పట్టా" ఉన్న ఫైళ్లన్నీ వస్తాయి. నక్షత్రాలు ఉన్న ముక్కను కొటేషన్‌లో పెట్టడం మరవకండి. లేకపోతే ఫైండ్‌కి అందేలోపే టెర్మినల్ ఆ నక్షత్రాన్ని ఇప్పుడున్న ఫోల్డర్‌లోని పేర్లతో నింపేసి, ఫలితం తారుమారు చేస్తుంది.

ఫైల్ లోపలి మాటతో వెతకడానికి గ్రెప్, అంటే జీ ఆర్ ఈ పీ:

`గ్రెప్ -ఆర్‌ఎన్ 'కొరాపుట్' ~/పత్రాలు`

ఏ ఫైల్‌లో, ఎన్నో వరసలో ఉందో చెబుతుంది. కళ్ల ముందు ఉన్న మాట కూడా కొన్నిసార్లు దొరకదు. దానికి కారణాలు ఎక్కువగా ఇవే.

మొదటిది, స్పెల్లింగ్ తేడా. ఒకరు కొరాపుట్ అనీ మరొకరు కోరాపుట్ అనీ రాస్తారు. గ్రెప్‌లో చుక్క అంటే ఏదైనా ఒక కోడ్. కాబట్టి `'క.రాపుట్'` అని వెతికితే రెండూ దొరుకుతాయి. ఒత్వం, ఓత్వం గుర్తులు కూడా ఒక్కో కోడే కావడం ఇక్కడ మనకు కలిసొస్తుంది.

రెండోది, కంటికి కనపడని కోడ్. "కొరాపుట్‌లో" అని పొల్లు నిలబెట్టి రాయడానికి టకారపు పొల్లు తర్వాత కనపడని విడదీత గుర్తు ఒకటి పడుతుంది. మీరు వెతికే మాటలో అది లేకపోతే రెండూ సరిపోలవు. విభక్తి వదిలేసి మొదటి భాగంతోనే వెతకండి. ఒడియాలో అడుగున చుక్క పెట్టే డకారానిదీ ఇదే గొడవ: కొన్ని ఫైళ్లలో అది ఒక కోడ్, కొన్నిటిలో రెండు. ఆ అక్షరం లేని ముక్కతో వెతకడం మేలు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. పాత డీటీపీ ఫైళ్లు అను ఫాంట్లలోనో, ఒడియా అయితే ఆకృతి ఫాంట్లలోనో ఉంటాయి. వాటిలో నిజానికి ఉన్నవి వేరే గుర్తుల కోడ్‌లు. ఫాంట్ వాటిని తెలుగుగా, ఒడియాగా గీసి చూపిస్తుంది. యూనికోడ్‌లోకి (అన్ని భాషలకూ ఉమ్మడి కోడ్‌ల పద్ధతి) మార్చేదాకా గ్రెప్ వాటిని చదవలేదు. అలాంటి ఫైళ్లున్న ఫోల్డర్‌కి పేరులోనే "అను" అని పెట్టుకుంటే తర్వాత వెతుకులాట తగ్గుతుంది.

పీడీఎఫ్ లోపల వెతకాలంటే పాప్లర్-యుటిల్స్ ప్యాకేజీలోని పీడీఎఫ్‌టుటెక్స్ట్ వాడాలి, టు ఇక్కడ టీ ఓ:

`పీడీఎఫ్‌టుటెక్స్ట్ పత్రం.పీడీఎఫ్ - | గ్రెప్ 'రాయగడ'`

ఏమీ రాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ అయి ఉండొచ్చు. అప్పుడు ముందు అక్షరాలు గుర్తింపజేయాలి.

స్కాన్లు, పీడీఎఫ్‌లు, ఫొటోలు

అక్షరాలు గుర్తించే పనికి టెసరాక్ట్ (టీ ఈ ఎస్ ఎస్ ఈ ఆర్ ఏ సీ టీ), దాని భాషా ప్యాకేజీలు వేసుకోవాలి. టెసరాక్ట్-ఓసీఆర్ తర్వాత గీత పెట్టి భాష కోడ్: తెలుగుకు టీ ఈ ఎల్, ఒడియాకు ఓ ఆర్ ఐ. ఫాంట్ల దగ్గర ఒడియాకు ఓఆర్ అన్నాం, ఇక్కడ చివర ఐ ఉంది. చాలామంది తడబడేది దీని దగ్గరే. ఏవి పడ్డాయో `టెసరాక్ట్ --లిస్ట్-ల్యాంగ్స్` చూపిస్తుంది. తర్వాత ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ప్యాకేజీతో:

`ఓసీఆర్‌మైపీడీఎఫ్ -ఎల్ టెల్+ఇంగ్ స్కాన్.పీడీఎఫ్ వెతకదగ్గది.పీడీఎఫ్`

టెల్, ఇంగ్ అన్నవి మూడేసి అక్షరాల కోడ్‌లు: టీ ఈ ఎల్, ఈ ఎన్ జీ. పత్రం చూడటానికి మునుపటిలాగే ఉంటుంది, బొమ్మ వెనక మాత్రం వెతకదగ్గ అక్షరాలు చేరతాయి. స్కానర్‌ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) పెట్టండి. 150లో స్కాన్ చేస్తే ఒత్తులు ముద్దయిపోయి తప్పులు బాగా పెరుగుతాయి. ఇది అచ్చు అక్షరాల కోసమే. చేతిరాత దస్తావేజుల మీద దీన్ని నమ్ముకోవద్దు. వాటిని మంచి స్కాన్‌గా ఉంచి, పేరు జాగ్రత్తగా పెట్టుకోవడమే దారి. అచ్చు పత్రాల్లో కూడా సర్వే నంబర్లు, తేదీలు కంటితో సరిచూసుకోవాలి.

ఫోన్‌లో తీసిన పేజీలను ఒక పీడీఎఫ్ చేయడానికి `ఐఎంజీ2పీడీఎఫ్ *.జేపీజీ -ఓ మొత్తం.పీడీఎఫ్`. బొమ్మ నాణ్యత కొంచెం కూడా తగ్గదు. పేజీలకు 1, 2, 10 అని పేర్లు పెడితే 1, 10, 2 వరసలో కలుస్తాయి. 01, 02, 10 అని పెట్టండి. పీడీఎఫ్‌లనే కలపాలంటే `పీడీఎఫ్‌యునైట్ ఒకటి.పీడీఎఫ్ రెండు.పీడీఎఫ్ కలిపింది.పీడీఎఫ్`. యునైట్ అంటే యూ ఎన్ ఐ టీ ఈ. చివర రాసిన పేరులోకే ఫలితం వెళ్తుంది. ఫలితం పేరు రాయడం మరిచి `*.పీడీఎఫ్` అని ఊరుకుంటే జాబితాలో చివరి పత్రం చెరిగిపోవచ్చు. దీనికి ముందుగా చూపించే రూపం లేదు, కాబట్టి అసలు ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అక్కడ కలపండి.

దరఖాస్తు పోర్టల్ పీడీఎఫ్ మరీ పెద్దదని తిప్పికొడితే ఘోస్ట్‌స్క్రిప్ట్ ఉంది:

`జీఎస్ -ఎస్‌డివైస్=పీడీఎఫ్‌రైట్ -డీపీడీఎఫ్‌సెట్టింగ్స్=/ఈబుక్ -ఓ చిన్నది.పీడీఎఫ్ పెద్దది.పీడీఎఫ్`

గీత తర్వాతి మొదటి అక్షరాలు ఎస్, డీ చిన్నవి. ఆ వెంటనే వచ్చే డివైస్, పీడీఎఫ్‌సెట్టింగ్స్ మాత్రం పెద్ద అక్షరాల్లో, మధ్యలో స్పేస్ లేకుండా. ఈబుక్ అంటే బొమ్మలు 150 డీపీఐకి తగ్గుతాయి. స్క్రీన్ అని పెడితే 72కి తగ్గుతాయి, చిన్న ఒడియా అక్షరాలు చదవలేం. ముందు ఈబుక్‌తో ప్రయత్నించండి. ఇంకా పెద్దదిగా ఉంటే రంగు స్కాన్ బదులు గ్రే స్కాన్ తీయడం మంచి మార్గం.

పాస్‌పోర్ట్ ఫొటో 3.5 బై 4.5 సెంటీమీటర్లు అంటే 300 డీపీఐలో 413 బై 531 పిక్సెళ్లు. ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే:

`కన్వర్ట్ ఫొటో.జేపీజీ -ఆటో-ఓరియెంట్ -స్ట్రిప్ -రీసైజ్ 413ఎక్స్531^ -గ్రావిటీ సెంటర్ -ఎక్స్‌టెంట్ 413ఎక్స్531 -డిఫైన్ జేపెగ్:ఎక్స్‌టెంట్=48కేబీ చిన్నది.జేపీజీ`

వరస మార్చకండి. స్ట్రిప్ అనేది ఫొటోలో దాగిన జీపీఎస్ స్థలం, ఫోన్ వివరాలు తీసేస్తుంది. వాటితోపాటు "ఈ ఫొటోను నిలువుగా చూపించు" అన్న సమాచారం కూడా పోతుంది. అందుకే ముందు ఆటో-ఓరియెంట్. అది లేకపోతే మనిషి పడుకున్నట్టు వస్తుంది. టోపీ గుర్తు (^) లేకపోతే పక్కల్లో తెల్ల పట్టీలు రావచ్చు. హద్దు 50 కేబీ అయితే 48 పెట్టడం ఎందుకంటే ఫలితం కొద్దిగా అటూఇటూ అవుతుంది కాబట్టి. కొత్త వెర్షన్‌లో కన్వర్ట్ బదులు మ్యాజిక్ అని టైప్ చేయాలి. ఇదే కుటుంబంలోని మోగ్రిఫై వాడకండి: అది అసలు ఫొటో మీదే రాసేస్తుంది.

ప్రింటర్ మొరాయిస్తే

కాగితం ఇరుక్కున్నాక ప్రింటర్ తిరిగి మొదలవకపోతే `ఎల్‌పీస్టాట్ -పీ` నడిపి చూడండి. డిసేబుల్డ్ అని ఉంటే `సుడో కప్స్‌ఎనేబుల్ ప్రింటర్‌పేరు`. కప్స్ అంటే సీ యూ పీ ఎస్. వరసలో ఇరుక్కున్న పనుల జాబితాకి `ఎల్‌పీస్టాట్ -ఓ`, అన్నీ తీసేయడానికి `క్యాన్సిల్ -ఏ`. పీడీఎఫ్‌లో 2 నుంచి 5 పేజీలు 3 ప్రతులు కావాలంటే `ఎల్‌పీ -ఎన్ 3 -పీ 2-5 పత్రం.పీడీఎఫ్`, ఈ రెండో పీ పెద్ద అక్షరం.

తీసేయడం

ఆర్ఎం కమాండ్‌తో తీసేసింది చెత్తబుట్టలోకి వెళ్లదు, నేరుగా పోతుంది. `ఆర్ఎం పాత*` అనబోయి మధ్యలో స్పేస్ పడి `ఆర్ఎం పాత *` అయితే ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ పోతాయి. రోజువారీ పనికి `జీఐఓ ట్రాష్ ఫైల్‌పేరు` వాడండి. అది చెత్తబుట్టకే పంపుతుంది. నక్షత్రం వాడాల్సి వస్తే ముందు అదే నమూనాతో `ఎల్‌ఎస్ పాత*` చూసి, తర్వాత పైబాణం నొక్కి ఎల్‌ఎస్‌ని మార్చుకోండి.

జిరాక్స్ షాపువాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. జనం ఆధార్, బ్యాంకు పుస్తకాలు మీ కంప్యూటర్‌లో వదిలేసి వెళ్తారు. వాటిని ఉంచుకోకండి. ఖాతాదారుల ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో దింపుకుని, రోజూ ఇది నడపండి:

`ఫైండ్ ~/ఖాతాదారులు -టైప్ ఎఫ్ -ఎంటైమ్ +3 -ప్రింట్`

జాబితా సరిగ్గా ఉంటే చివరి -ప్రింట్ స్థానంలో -డిలీట్ పెట్టండి. +3 అంటే 4 రోజులు నిండినవి. -డిలీట్ ఎప్పుడూ చివరే ఉండాలి. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. షరతుల ముందు డిలీట్ రాస్తే షరతు చూడకముందే అన్నీ తీసేస్తుంది.

సుడో గురించి: మీ సొంత ఫైళ్లకు దాన్ని వాడకండి. సుడోతో చేసిన ఫైల్ రూట్ (అడ్మిన్) పేరు మీద పుడుతుంది, తర్వాత మామూలుగా మార్చబోతే "పర్మిషన్ డినైడ్" అంటుంది.

నకళ్లు దాచడం

పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో నకలు తీయడానికి ఆర్‌సింక్ (ఆర్ తర్వాత ఎస్ వై ఎన్ సీ). మారినవే కాపీ చేస్తుంది కాబట్టి రెండోసారి నుంచి త్వరగా అవుతుంది.

`ఆర్‌సింక్ -ఆర్‌టీవీహెచ్ --డ్రై-రన్ --మాడిఫై-విండో=1 ~/పత్రాలు/ /మీడియా/మీపేరు/డ్రైవ్‌పేరు/పత్రాలు/`

డ్రై-రన్ ఉన్నంతసేపు చూపించడమే. తర్వాత తీసేసి నడపండి. మొదటి దారి చివర స్లాష్ ఉంటే ఫోల్డర్ లోపలివి వెళ్తాయి. లేకపోతే ఫోల్డరే వెళ్లి "పత్రాలు" లోపల మరో "పత్రాలు" తయారవుతుంది. మాడిఫై-విండో ఎందుకంటే ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లు సమయాన్ని 2 సెకన్ల మెట్లలో రాసుకుంటాయి. ఆ చిన్న తేడాకే ప్రతిసారీ మొత్తం కాపీ అవుతుంది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ పట్టదు, పెళ్లి వీడియోలు ఆగిపోయేది అందుకే. --డిలీట్ అనే ఎంపిక ఇక్కడా ఉంది, మూలంలో లేనివి నకలులోంచి తీసేస్తుంది. పొరపాటున ఇక్కడ పోయిన ఫైల్ అక్కడా పోతుంది. మేమైతే వద్దంటాం.

కాపీ అయిందని తెర చెప్పినా పెన్‌డ్రైవ్ వెంటనే లాగకండి. రాయాల్సిన భాగం ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. `సింక్` అని కొట్టి, అది తిరిగి వచ్చాక ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ చేయండి. బిజీగా ఉందంటే చాలాసార్లు మీ టెర్మినలే ఆ డ్రైవ్ లోపల ఉంటుంది. `సీడీ` అని మాత్రమే కొడితే హోమ్‌కి వచ్చేస్తుంది.

నెట్ ఆగినా, కరెంటు పోయినా

పెద్ద ఫైల్ దిగుతుండగా నెట్ పోతే మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. అదే ఫోల్డర్‌లో ఉండి `డబ్ల్యూగెట్ -సీ చిరునామా` అంటే ఆగిన చోటినుంచి అందుకుంటుంది, సర్వర్ దానికి ఒప్పుకునేదైతే. డబ్ల్యూగెట్ అంటే డబ్ల్యూ జీ ఈ టీ. చిరునామాలో & గుర్తు ఉంటే మొత్తాన్ని కొటేషన్‌లో పెట్టండి.

రెండు మూడు కంప్యూటర్లున్న చోట ఒకే ప్యాకేజీని మళ్లీ మళ్లీ మొబైల్ డేటాతో దింపడం వృథా. ఏపీటీ కమాండ్ వేసేశాక ప్యాకేజీ ఫైళ్లను తీసేస్తుంది. ఏపీటీ-గెట్ మాత్రం ఉంచుతుంది. కాబట్టి `సుడో ఏపీటీ-గెట్ ఇన్‌స్టాల్ ప్యాకేజీ` అని వేస్తే /వార్/క్యాష్/ఏపీటీ/ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో .డెబ్ ఫైళ్లు మిగులుతాయి (వార్ అంటే వీ ఏ ఆర్). అదే వెర్షన్ ఉన్న రెండో కంప్యూటర్‌లో అదే ఫోల్డర్‌లోకి సుడోతో కాపీ చేసి అదే కమాండ్ ఇస్తే, అక్కడ ఉన్నవాటిని మళ్లీ దింపదు. పని అయ్యాక `సుడో ఏపీటీ క్లీన్` ఆ స్థలం ఖాళీ చేస్తుంది. డిస్క్ ఎంత మిగిలిందో `డీఎఫ్ -హెచ్`, ఏ ఫోల్డర్ ఎంత తిన్నదో `డీయూ -ఎస్‌హెచ్ * | సార్ట్ -హెచ్` చెబుతాయి. పెద్దవి చివర్న వస్తాయి.

ప్యాకేజీ వేస్తుండగా కరెంటు పోతే తర్వాత ఏది వేయబోయినా లాక్ ఉందనో, సగంలో ఆగిందనో అంటుంది. లాక్ అన్నప్పుడు ముందు కొన్ని నిమిషాలు ఆగండి. వెనక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉండొచ్చు. లాక్ ఫైల్‌ని చేత్తో తీసేయమని చెప్పే సలహాలు పాటించకండి, నడుస్తున్న పనిని అది పాడు చేస్తుంది. సగంలో ఆగినదాన్ని పూర్తిచేయడానికి:

`సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ`

తర్వాత `సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్`. రెండోది ఏమేం తీసేస్తుందో, ఏమేం వేస్తుందో జాబితా చూపించి ఒప్పుకోలు అడుగుతుంది. తీసేసే జాబితాలో డెస్క్‌టాప్ అన్న మాట ఉన్న ప్యాకేజీలు కనిపిస్తే ఎన్ నొక్కి ఆపి, `సుడో ఏపీటీ అప్‌డేట్` చేశాక మళ్లీ ప్రయత్నించండి.